సగం మాట నాది, సగం పిల్లలది

నా క్లాసు వీధి మలుపు దాకా వినిపిస్తుందని చాలా ఏళ్లు గొప్పలు చెప్పుకున్నాను. సూరత్ ఉధ్నాలో మా తెలుగు బడికి మూడు వైపులా మరమగ్గాల కార్ఖానాలే. ఆ మగ్గాలను మావాళ్లు సాంచలంటారు. పొద్దున నేను హాజరు పట్టీ తెరిచేసరికే సాంచల చప్పుడు క్లాసులోకి వచ్చి కూర్చుని ఉంటుంది. దాన్ని దాటి పిల్లల గొంతు వినిపించాలంటే మాటలా? నా పిల్లలది వినిపించేది. దానికి నా దగ్గర ఒక పద్ధతి ఉంది.

నేను వాక్యం సగం చెప్పి ఆపుతాను. "ఆమ్లం నీలి లిట్మస్‌ను ఎర్ర..." అని చెయ్యి పైకెత్తుతాను. అరవై నోళ్లు ఒక్కసారిగా "గా మారుస్తుంది" అంటాయి. "విద్యుత్ ప్రవాహానికి ప్రమాణం ఆం..." అంటాను. "పియర్!" అని పైకప్పు లేచిపోతుంది. చివర్లో "అర్థమైందా?" అని అడుగుతాను. "అయిందీ..." అని సాగదీస్తారు. ఆ సాగదీత ఎంత పొడుగుంటే పాఠం అంత బాగా ఎక్కినట్టు నా లెక్క. మా పెద్ద మేడమ్ వరండాలో నడుస్తూ ఆ మోత విని తల ఊపి వెళ్లిపోయేది. ఆ ఒక్క ఊపు కోసం నేను గొంతు చించుకునేదాన్ని.

నాకు చదువు చెప్పినవాళ్లు కూడా ఇలాగే చెప్పారు. నేనూ నేతగాళ్ల ఇంటి పిల్లనే. నాన్న ఉత్తర తెలంగాణ పల్లె వదిలి సూరత్ వచ్చి సాంచల మీద నిలబడ్డాడు, నేను ఇక్కడే పుట్టాను. మధ్యాహ్నం నాన్నకు అన్నం డబ్బా పట్టుకుని కార్ఖానాలోకి వెళ్లేదాన్ని. లోపల ఎవరి మాట ఎవరికీ వినబడదు కాబట్టి ఎవరూ గొంతు వాడరు. పెదవులు మాత్రం కదుపుతారు, కాస్త నిదానంగా, కాస్త పెద్దగా. ఆ పెదవులు చూసి అవతలివాడు అర్థం చేసుకుంటాడు. నాలుగు సాంచల అవతల నిలబడ్డవాడితో ఆదివారం డుమస్ సముద్రానికి పోదామా వద్దా అని పంచాయితీ పెట్టుకునేవాళ్లను చూశాను. మా పేట పిల్లలకు నడకతో పాటు ఈ మాట కూడా వచ్చేస్తుంది. ఇళ్లలో కోడళ్లకు ఇది మరీ బాగా వస్తుంది, అత్త అటు తిరిగి ఉంటే చాలు.

ఇంత తెలిసినదాన్ని, పంతులమ్మను అయ్యాక గొంతునే నమ్ముకున్నాను. ఏం చేయను? ముప్పై అయిదు నిమిషాల పీరియడు. అరవై మంది. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే చప్పుడు. సంక్రాంతికి ముందే సిలబస్ అయిపోవాలని పైనుంచి ఒత్తిడి. ఎవరైనా లేచి "ఎందుకు టీచర్?" అంటే నా చూపు గడియారం మీదికి పోయేది. ఆ ఒక్క ఎందుకుకు జవాబు చెబితే పది నిమిషాలు పోతాయి, ఆ పది నిమిషాలు మళ్లీ ఎక్కడినుంచి తేను? "తర్వాత చెప్తా, కూర్చో" అనేదాన్ని. ఆ తర్వాత అనేది ఎన్నడూ రాలేదు. కొన్నాళ్లకు పిల్లలు అడగడం మానేశారు. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

ఆ సంవత్సరం పదో తరగతిలో, ఆడపిల్లల వరుసలో రెండో బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చునేది. తండ్రి సాంచల మీద, తల్లి ఇంట్లో దారం కండెలు చుట్టేది. నేను క్లాసులోకి వచ్చిన దగ్గర్నుంచి వెళ్లే దాకా ఆ పిల్ల కళ్లు నా ముఖం మీదే ఉండేవి. సగం మాట విసిరితే అందరితో పాటు, ఒక్కోసారి అందరికన్నా ముందు, మిగతా సగం అందుకునేది. "వినడం అంటే ఆ పిల్లను చూసి నేర్చుకోండి" అని మిగతావాళ్లను దెప్పేదాన్ని. మగపిల్లలు గోల చేస్తే "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీకు చెప్పడం" అని కూడా అనేదాన్ని, ఆ పిల్ల ఎదురుగానే. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

పరీక్ష కాగితాల్లో మాత్రం ఆమెది వింత వ్యవహారం. నిర్వచనాలు అక్షరం పొల్లుపోకుండా ఉండేవి. కారణాలు తెలపండి అన్న చోటల్లా ఖాళీ. నాకు ఒళ్లు మండేది. నోటికి ఇంత బాగా వచ్చేది చేతికి ఎందుకు రాదు? ఒకసారి అందరి ముందూ కాగితం ఆమె మీదికి విసిరాను. ఆ పిల్ల దాన్ని నేల మీద నుంచి తీసుకుని మడత పెట్టుకుంది, మళ్లీ నా ముఖమే చూస్తూ కూర్చుంది.

చలికాలం మొదట్లో నా గొంతు పోయింది. డాక్టరు లోపల చూసి గొంతులో కాయలు లేచాయన్నాడు. రెండు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు, గుసగుస కూడా పనికిరాదన్నాడు. సెలవు అడిగితే పెద్ద మేడమ్ నా వైపు జాలిగా చూసి, "ప్రిలిమ్స్ ముందు సెలవేమిటమ్మా? బోర్డు మీద రాసి లాగించండి" అంది. ఆమె చెడ్డదేం కాదు. ఆమె మీద బడి నడిపే ట్రస్టువాళ్లు, నా మీద ఆమె, పిల్లల మీద నేను, ఒకరి కింద ఒకరం ఇరుక్కుని ఉన్నాం.

మర్నాడు క్లాసులోకి వెళ్లి, అలవాటు కొద్దీ నోరు తెరిచాను. గొంతు లేదు కదా, పెదవులు మాత్రం కదిలాయి. "నోటుబుక్కులు తీయండి." క్లాసంతా ఒకటే నవ్వులు. టీచర్ కార్ఖానా మాట మాట్లాడుతోంది! మగపిల్లలు బెంచీలు చరిచారు. వెనక బెంచీవాడు అక్కడినుంచే పెదవులతో "ఏమైంది టీచర్?" అని అడిగాడు. ఎవరికీ ఏదీ విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది, అందరూ ఆ డబ్బాలు మోసిన పిల్లలే.

రెండో బెంచీ అమ్మాయి అప్పటికే నోటుబుక్కు తీసి, తేదీ వేసి, ఎందుకు నవ్వుతున్నారని అటూ ఇటూ చూస్తోంది. పక్క పిల్ల ఆమె మోచెయ్యి తట్టి ఏదో చెప్పింది. అప్పుడు ఆమె నన్ను కొత్తగా చూసింది. నా గొంతు పోయిన సంగతి క్లాసులో ఆమెకు ఒక్కదానికే తెలియలేదు. నాకు ఏదో గుచ్చుకున్నట్టయింది. కానీ అప్పుడు దాన్ని తీసి చూసుకునే తీరిక లేదు.

పిల్లల దృష్టి బోర్డు వైపు తిప్పడానికి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను. రెండో రోజు నోట్సు రాసుకుంటుంటే వెనక గోడ దాకా నడిచి, అక్కడ నిలబడి చప్పట్లు కొట్టాను. అన్ని తలలూ లేచాయి. ఆమె తల లేవలేదు. పక్కవాళ్లు కదిలాక, కంటి చివరన అది కనబడి, అప్పుడు లేచింది. ఇంకోసారి కొట్టాను. మళ్లీ అంతే. తొమ్మిదో తరగతి నుంచీ వినడం ఎలాగో ఈ పిల్లను చూసి నేర్చుకోండని చెప్పానే! ఆ పిల్లకు చెవులు వినబడవు.

మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక ఆమెను మెట్ల దగ్గరికి పిలిచాను. నేను పెదవులతో అడిగాను, ఆమె గొంతుతో చెప్పింది. చూసేవాళ్లకు ఎవరు చెవిటివాళ్లో, ఎవరు మూగవాళ్లో తెలిసేది కాదు.

"ఎప్పటి నుంచి?"

"తెల్వదు టీచర్. ముందుగాల అందరికి గిట్లనే వినవడ్తదనుకున్న. చప్పుడు వినవడ్తది. మాట వినవడది."

"మరి నా పాఠం?"

"మీ నోరు చూస్త. మీరు సగం అని ఆపుతరు గద, మిగిలింది పక్కోళ్ల నోళ్ల మీద చూస్త. జల్దీ చూస్తె నాది గూడ వాళ్లతోనే కలుస్తది."

"నేను బోర్డు వైపు తిరిగినప్పుడు?"

"అప్పుడు ఊకుంట."

నేను ఎందుకు, ఎలా అని కాస్తో కూస్తో విప్పి చెప్పేది బోర్డు మీద బొమ్మ గీసేటప్పుడే. అప్పుడు నా వీపు పిల్లల వైపు ఉండేది. ఆమె కాగితాల్లో ఖాళీలన్నీ నా వీపువే.

"ఎవ్వలకు చెప్పకుండ్రి టీచర్" అంది ఆ పిల్ల.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఒక గది, గదిలో సగం దారపు కండెలు. తల్లికి నా గొంతు సంగతి కూతురు ముందే చెప్పినట్టుంది, ఆమె కూడా నా పెదవులే చూసింది. పిల్లకు వినబడటం లేదని మీకు తెలియదా అక్కా అని అడిగాను.

"చిన్నప్పుడు చెవులు కారుతుండె టీచరమ్మ. నూనె పోసినం, తగ్గిందనుకున్నం" అంది. తర్వాత నవ్వింది. "మా ఇంట్ల ఎవలకు సక్కగ వినవడ్తదమ్మా? ఆయన ఇరువై ఏండ్ల సంది సాంచల మీద ఉన్నడు. పిలిస్తె పలుకడు, పోయి భుజం కొట్టాలె. పిల్ల నాయిన లెక్కనే ఉన్నదనుకున్న."

నవ్వుతూనే ఆమెకు ఏడుపు వచ్చింది. కొంగుతో తుడుచుకుని గొంతు తగ్గించింది. "బడిల జెప్పకుండ్రి, మీ కాల్మొక్త. చెవిటిదని తెలిస్తె పెద్ద మేడం వేరే బడిల ఎయ్యుండ్రి అంటది. ఆ బడి ఏడున్నదో, రోజు ఎవలు తీస్కపోవాలె? గీయన ఇప్పటికే పది సాలు, కండెలు సుట్టనియ్యి అంటున్నడు. దానికేమో రక్తం పరీక్షలు జేసే లాబుల పని నేర్సుకోవాలెనని ఉన్నది. దానికి పదకొండుల సైన్సు ఉండాలెనట గద?"

ఉండాలి. మా బడిలో పదకొండో తరగతి సైన్సులో ముప్పై సీట్లు. మార్కులు ఒక్కటే చూడరు, పెద్ద మేడమ్ ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి నోటితో ప్రశ్నలు అడుగుతుంది. ఆ గది దాటితే ఈ పిల్ల లాబుకు వెళ్తుంది, దాటకపోతే ఈ కండెల మధ్యకు వస్తుంది. నేను తల్లితో ఒక ఒప్పందం చేసుకున్నాను. పెద్దాసుపత్రిలో చెవులు చూపించాలి. చూపిస్తే నేను బడిలో నోరు విప్పను. నోరు విప్పనని నేను పెదవులతోనే చెప్పాను. ఆమె సరేనంది.

మాట నిలబెట్టుకుంది కూడా. ఆసుపత్రిలో చెవికి మిషను పెట్టాలన్నారు, పేరు రాసుకున్నారు, పిలుస్తామన్నారు. ఆ పిలుపు కోసం నెలల తరబడి ఎదురుచూశాం.

ఇక ఆ రెండు వారాల క్లాసు గురించి చెప్పాలి. నా ఉద్యోగంలో అలాంటి రోజులు అంతకు ముందు లేవు. గొంతు లేకపోతే సగం మాట విసరడం కుదరదు. పెదవులతో ఒక ప్రశ్న అడిగి ఆగాలి. ఆగడం నాకు అలవాటు లేదు, మొదటి రోజు చేతులు నలుపుకున్నాను. అంతసేపు ఎవరూ మాట్లాడకపోతే చివరికి పిల్లలే మాట్లాడతారని నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది. నాకు గొంతు లేదు కాబట్టి ఎవరు చెప్పినా ముందుకు వచ్చి, అందరి వైపు తిరిగి చెప్పాలని నియమం పెట్టాను. అది ఎవరి కోసమో నాకూ ఆ అమ్మాయికీ మాత్రమే తెలుసు.

అప్పుడు విద్యుత్తు పాఠం నడుస్తోంది. ఇళ్లలో బల్బులన్నీ సమాంతరంగా కలుపుతారు, ఒకటి ఆపినా ఇంకోటి ఆగదు, ఒక్కోదానికీ అందే వోల్టేజీ ఒకటే. ఈ సంగతి అంతకు ముందు ఎన్ని బ్యాచ్‌లతో పాడించానో. రెండో బెంచీ అమ్మాయి లేచింది. పదో తరగతిలో ఆమె తనంతట తాను లేవడం అదే మొదలు.

"టీచర్, అన్నిటికి వోల్టేజీ ఒక్కటే అంటిరి. మరి పొద్దుగాల గల్లీల సాంచలన్ని చాలువై నడువంగనే మా ఇంట్ల బుగ్గ ఎందుకు మసక అయితది?"

క్లాసు ఆమె వైపు తిరిగింది. మా ఇంట్లో కూడా అంతే, మా ఇంట్లో కూడా అంతే అని పది చేతులు లేచాయి. నాకు గొంతు ఉంటే ఏమనేదాన్నో తెలుసు. పరీక్షకు రాదు, కూర్చో అనేదాన్ని. లేదు కాబట్టి, ఎందుకు అని వాళ్లనే అడిగాను. రెండు రోజులు కొట్టుకున్నారు. కరెంటువాళ్లు దొంగతనం చేస్తారని ఒకడు. సాంచలు లాక్కుంటాయని ఇంకొకతె. మూడో రోజు ఒక మగపిల్లవాడు ముందుకు వచ్చి, పొద్దున అందరూ నల్లాలు విప్పితే గల్లీ చివరింటికి నీళ్లు సన్నగా ఎందుకు వస్తాయన్నాడు. అమ్మాయి అతని నోరు చూస్తూ చూస్తూ లేచి వచ్చి, సుద్దముక్క అందుకుని స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ గీసింది. ఆ తీగకు కూడా నిరోధం ఉంటుంది, ఎక్కువ కరెంటు పోతే ఎక్కువ వోల్టేజీ దారిలోనే పోతుంది, ఇంటికి వచ్చేసరికి తగ్గుతుంది. ఆ మాటలు ఆమె తన గొంతుతో, తడుముకుంటూ, మూడుసార్లు చెరిపి మళ్లీ గీస్తూ చెప్పింది. నేను బెంచీ మీద కూర్చుని విన్నాను. ఆనందంతో నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు కూడా.

ఆ మూడు రోజుల్లో సిలబస్ ఒక్క పేజీ కదల్లేదు. పెద్ద మేడమ్ తలుపు దగ్గర నిలబడి, "ఏమిటమ్మా, మీ క్లాసు బొత్తిగా వినిపించడమే లేదు?" అంది.

గొంతు వచ్చింది. దాంతో పాటు అన్నీ తిరిగి వచ్చాయి. వారం రోజులు కొత్త పద్ధతి నిలబెట్టాలని చూశాను. కానీ నాకు గొంతు వచ్చాక పిల్లలు లేచి ముందుకు రావడం మానేశారు, కూర్చున్న చోటు నుంచే అరుచుకుంటూ వాదించుకోసాగారు. వాదనలు మంచివే, ప్రశ్నలు మంచివే. ఆ అమ్మాయి మాత్రం వెనక్కి తిరిగి, ఎవరి నోరు కదులుతోందో వెతికి, దొరికేలోపు ఇంకొకరు అందుకోవడంతో, మళ్లీ వెతికి, చివరికి ముందుకు తిరిగి తల వంచుకునేది. ముందుకొచ్చి మాట్లాడండని నేను పదే పదే అంటే "ఎందుకు టీచర్, వినవడ్తనే ఉన్నది గద" అన్నారు. ఎందుకో చెప్పలేను కదా. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందరికీ మేలు చేసే మాట ఆ ఒక్కదాన్నీ బయటికి తోసేస్తోంది. ఆ ఒక్కదాన్నీ లోపల ఉంచే సగం మాట ఎవరికీ ఏమీ నేర్పడం లేదు.

ప్రిలిమ్స్ పది రోజుల్లోకి వచ్చాయి. పిల్లలే "టీచర్, ఇంపార్టెంట్‌వి చెప్పుండ్రి, పాత లెక్కనే" అన్నారు. నేను పాత సగం మాటకు వెళ్లిపోయాను. ఆమె కోసమే వెళ్లానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అది నాకు అలవాటైన దారి, అందులో భయం లేదు, పెద్ద మేడమ్ తల ఊపు ఉంది. ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. బోర్డు మీద రాసేటప్పుడు పక్కకు తిరిగి, ముఖం పిల్లలకు కనబడేలా రాయడం నేర్చుకున్నాను. మెడ నొప్పి పుట్టేది. అంతకు మించి ఏమీ చేయలేదు. గాలాడని ఆ గదిలో మళ్లీ అరవై నోళ్లూ, నా నోరూ. రెండో బెంచీ నుంచి ఆ కళ్లు నన్నే చూసేవి, నేను అటు తక్కువ చూసేదాన్ని.

ఫలితాల్లో ఆమెకు సైన్సులో మంచి మార్కులే వచ్చాయి. ఆసుపత్రి నుంచి పిలుపు మాత్రం రాలేదు. జూన్‌లో పదకొండో తరగతి సీట్లకు పిల్లలను పిలిచారు.

పెద్ద మేడమ్ ఎవరితోనైనా తల వంచుకుని మాట్లాడుతుంది, కళ్లు ఎప్పుడూ ఎదుటి కాగితం మీదే. ఆమె పెదవులు కనబడవు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఆ గది గడప దాకా వెళ్లి, తల్లికి ఇచ్చిన మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. చెబితే సీటు పోతుందేమో. చెప్పకపోతే ప్రశ్న వినబడక సీటు పోతుంది. ఇక మిగిలింది ఒకటే దారి. ఆ రోజు ఫైళ్లు అందించే పని నేను చేస్తానని మీద వేసుకున్నాను. పెద్ద మేడమ్ కుర్చీ వెనక, బీరువా పక్కన నిలబడ్డాను.

అమ్మాయి లోపలికి వచ్చింది. చూపు సరిగ్గా నా దగ్గరికే వచ్చింది. నేనేమీ ముందుగా చెప్పలేదు, అయినా అర్థమైపోయింది.

"సైన్సు ఎందుకు తీసుకుంటావు?" అని పెద్ద మేడమ్ కాగితాన్ని అడిగింది. నేను వెనక నుంచి పెదవులతో ఆ మాటే అన్నాను. లాబు పని నేర్చుకోవాలని ఉందని అమ్మాయి చెప్పింది.

"సరే. ఇనుముకు నూనె రాసి పెడితే తుప్పు పట్టదు. ఎందుకు?"

ప్రశ్న అందించాను. అమ్మాయి కనుబొమలు ముడిచింది. పెదవులు తడుపుకుంది. నా మీద నుంచి చూపు తీసి కిటికీ వైపు చూసింది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు? గట్టిగా నాలుగు ఊపిర్లు ఉండదు. పెద్ద మేడమ్ పెన్ను కాగితం మీద ఆగింది. అమ్మాయి మళ్లీ నా వైపు చూసింది, అంతే, నా నోరు నా మాట వినలేదు.

"గాలి, తే..." అన్నాయి నా పెదవులు.

"...మ తగలవు" అంది ఆమె, ఆ వెంటనే. తర్వాత మొదటి నుంచి గబగబా అప్పజెప్పింది. "గాలి, తేమ తగలవు మేడమ్."

"శభాష్!" పెద్ద మేడమ్ టిక్కు పెట్టింది, ఆ రోజుకు మొదటిసారి తల ఎత్తి వెనక్కి తిరిగి నన్ను చూసింది. "మీ పిల్లలు తడుముకోరమ్మా. అది మీ గొప్పే."

సీటు వచ్చినట్టే. నేను ఫైలు బల్ల మీద పెట్టి, అమ్మాయి వెనకే వరండాలోకి పరుగెత్తాను. భుజాలు పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. సంతోషంతో నాకు మాటలు తడబడుతున్నాయి. ఆమె ముఖంలో సంతోషం లేదు.

"అది నాకెర్కనే టీచర్" అంది. "మీరెందుకు చెప్పిండ్రు?"

"నువ్వు ఆలోచిస్తున్నావు కదా, రావట్లేదేమోనని..."

"అస్తున్నది. ఎట్ల జెప్పాల్నా అని చూస్తున్న. దివాలీ సుట్టీలకు సాంచలకు నూనె రాసి బంద్ పెడ్తరు గద. మల్ల తెరిచినంక చూస్తె, నాయిన చెయ్యివట్టే హ్యాండిల్ కాడనే తుప్పు పడ్తది. నూనె ఉన్నకాడనే. మిగతా అంత మంచిగనే ఉంటది. చేతి చెమటల ఉప్పుంటది, తుడువకుంట దాని మీద నూనె రాసిండ్రు, గందుకే నూనె కింద గూడ పట్టింది అని చెప్దామనుకున్న. నూనె రాస్తె తుప్పు పట్టదనేది పూరా నిజం కాదు మేడం అని చెప్దామనుకున్న."

పదిహేనేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఆ చెమట సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనెవరినీ అడగలేదు.

"మరి చెప్పాల్సింది కదా తల్లీ! నేను అన్నంత మాత్రాన నువ్వెందుకు అదే అన్నావు?"

ఆమె కాసేపు నా పెదవుల వైపే చూసింది. కోపంగా లేదు, ఏదో తనకే అప్పుడు తెలిసినట్టుంది.

"మీరు సగం అంటె నా నోరు ఆగది టీచర్. నేను ఆపుదామన్నా ఆగది."

లోపల నుంచి పెద్ద మేడమ్ తర్వాతి ఫైలు కోసం పిలుస్తోంది. ఆ పిలుపు నాకు వినబడింది, ఆమెకు వినబడలేదు.

"పదకొండుల గూడ సైన్సు మీరే చెప్తరా?" అని అడిగింది.

అవునన్నాను.

ఆ పిల్ల నా పెదవుల మీద నుంచి చూపు తీసి తల వంచుకుంది.